ఫోటో వెనక రాత

ఆత్మకూరులో ఒక పాత ఇల్లు ఉందనుకోండి. అటక మీద ఒక ట్రంకుపెట్టె. దాని అడుగున, పట్టుచీర మడతల్లో, ఒక నలుపు తెలుపు ఫోటో. కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. పక్కన ఒకావిడ నిలబడి ఉంది. ముందు ఇద్దరు పిల్లలు. ఫోటో వెనక్కు తిప్పితే సిరాతో రాసిన రెండు పంక్తులు కనిపిస్తాయి: “సోమశిల, శివరాత్రి, 1961. పెద్దన్న, వదిన, వాళ్ళ పిల్లలు.” సిరా వెలిసిపోయింది కాని చదవటానికి వీలుగానే ఉంది.

అదే ఇంట్లో ఇంకొక చోట కూడా ఫోటోలు ఉన్నాయి. అవి సెల్‌ఫోనులో ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, నాలుగు వేలు! అన్నీ రంగులవే. పెద్దన్న ఫోటో కంటే ఎంతో స్పష్టంగా ఉన్నాయి. కాని “పోయిన ఏడు ఏ.ఎస్.పేట ఉరుసుకు వెళ్ళినప్పుడు తీసిన అవ్వ ఫోటో చూపించరా” అని ఎవరైనా అడిగితే, వేలితో తెరను పైకీ కిందికీ తోసి తోసి, పావుగంట తర్వాత “ఎక్కడో ఉండాలి” అంటాం.

ఇప్పుడొక ప్రశ్న. ఇంకో అరవై ఏళ్ళు గడిచాక ఈ రెండింటిలో దేన్ని చూసి “వీరు ఫలానా” అని చెప్పగలుగుతారు? పెట్టెలోని ఒక్క ఫోటోనా, ఫోనులోని నాలుగు వేలా?

ఫోటో ఉండటం వేరు, దొరకటం వేరు. దొరికినా అందులో ఉన్నది ఎవరో తెలియటం ఇంకా వేరు. ఈ మూడూ కలిస్తేనే ఆ ఫోటో మనకు దక్కినట్లు. అందుకు ఏం చేయాలో, ఎందుకు చేయాలో చూద్దాం.

ఫోటోలో ఏముంది?

పాతకాలపు ఫోటోలో వెండి రేణువులు ఉండేవి. ఫోను తీసే ఫోటోలో వెండీ లేదు, కాగితమూ లేదు. ఉన్నవన్నీ అంకెలే. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఎంత వెలుగు ఉంది, ఏ రంగు ఉంది అనేది అంకెలుగా రాసుకోవటమే డిజిటల్ ఫోటో. ఆ గడినే పిక్సెల్ అంటారు.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫోటోను మొదటిసారిగా కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ బొమ్మలో అడ్డంగా 176, నిలువుగా 176 గళ్ళు ఉన్నాయి. అంటే మొత్తం 30,976. 1975లో కోడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. దానిలో 10,000 గళ్ళే. ఒక్క ఫోటోను క్యాసెట్టు టేపు మీద రాయటానికి దానికి 23 సెకన్లు పట్టేది!

ఇప్పుడు మామూలు ఫోను తీసే ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 గళ్ళు ఉంటాయనుకుందాం. రెండింటినీ హెచ్చవేస్తే 1 కోటీ 20 లక్షలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులకూ ఒక్కొక్క బైటు చొప్పున లెక్కవేస్తే 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 36 మెగాబైట్లు. అంత చోటు ఇవ్వటం దండగ అని ఫోను దాన్ని కుదిస్తుంది. దుర్గం వెనకనున్న నీలాకాశంలో పక్కపక్క గళ్ళన్నీ దాదాపు ఒకే రంగు. అటువంటి చోట ప్రతి గడినీ విడివిడిగా రాయనక్కరలేదు కదా! పైగా రంగుల్లోని సన్నని తేడాలను మన కన్ను అంతగా పట్టించుకోదు. ఈ రెండు కిటుకులనూ వాడుకునే జేపెగ్ అనే పద్ధతి 1992లో ప్రమాణంగా స్థిరపడింది. దాని చలవవల్ల 36 మెగాబైట్ల ఫోటో 4 మెగాబైట్లలో ఇమిడిపోతుంది.

ఫోనులో ఫోటోలకు 32 గిగాబైట్ల చోటు ఉంటే సుమారు 8,000 ఫోటోలు పడతాయి. వారానికి వంద తీస్తే ఏడాదికి 5,200. రెండేళ్ళు నిండకుండానే జాగా అయిపోతుంది. అప్పుడు కంగారుపడి, చేతికి దొరికినవన్నీ చెరిపేస్తాం. పోగొట్టుకోకూడనివి పోయేది సాధారణంగా ఆ రోజునే.

కనిపించని చీటీ

పెద్దన్న ఫోటో వెనక ఎవరో ఓపికగా రాశారు. ఫోను తీసిన ఫోటోకూ అటువంటి రాత ఒకటి ఉంది. అది మనం రాయకుండానే ఫోను రాసేస్తుంది. ఫోటో తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను, ఏ ఫోను, ఎంత వెలుగు, ఇవన్నీ బొమ్మ అంకెలతోపాటే అదే ఫైలులో దాగి ఉంటాయి. అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా రాస్తుంది. ఈ చీటీని ఎక్సిఫ్ అంటారు. జపాను కెమెరా పరిశ్రమ 1995లో దీనికి రూపమిచ్చింది. ఫోటో వివరాలు అనే చోట నొక్కితే మీరే చదవవచ్చు.

అక్షాంశం 14.9, రేఖాంశం 79.3 దగ్గరలో ఉంటే ఆ ఫోటో ఉదయగిరి వైపు తీసింది. అక్షాంశం 14.6, రేఖాంశం 79.6 దగ్గరలో ఉంటే ఆత్మకూరు వైపు తీసింది. దశాంశ బిందువు తర్వాత నాలుగు స్థానాలు ఉంటే సుమారు 11 మీటర్ల లోపు చెప్పవచ్చు. అంటే ఏ వీధో కాదు, ఏ ఇల్లో కూడా తెలుస్తుంది! కనుక మీ ఇంట్లో తీసిన ఫోటోను తెలియనివారికి పంపేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అయితే ఈ చీటీని గుడ్డిగా నమ్మకూడదు. అది మూడు చోట్ల మనల్ని మోసం చేస్తుంది.

ఒకటి: ఫోను గడియారం తప్పయితే చీటీలో తేదీ కూడా తప్పే.

రెండు: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో మరింత కుదించుకుపోతుంది, చీటీని కూడా దారిలో పోగొట్టుకుంటుంది. పెళ్ళి ఫోటోలు అలా అందుకుంటే వాటిలో పెళ్ళి తేదీ ఉండదు. డాక్యుమెంటుగా పంపమని అడిగితే అసలు ఫైలు చీటీతో సహా వస్తుంది.

మూడు: పెట్టెలోని పెద్దన్న ఫోటోను మీరు ఫోనుతో ఫోటో తీశారనుకోండి. దానికి ఫోను ఏ తేదీ వేస్తుంది? 1961 కాదు, ఈ రోజు తేదీ! పెద్దన్న ఈ వారం మార్కెట్టులో తీసిన ఫోటోల మధ్యకు వచ్చి కూర్చుంటాడు. ఫోనుకు తెలిసింది తాను ఎప్పుడు చూసిందో, అంతే. ఎదురుగా ఉన్నది ఏనాటిదో దానికి తెలియదు. అది తెలిసినవారు ఇంట్లోని పెద్దవారు.

ఉదయగిరి చెప్పే పాఠం

బొమ్మకు రాత ఎందుకు అవసరమో మన ఉదయగిరి చరిత్రే చెబుతుంది. ఈ దుర్గం గజపతుల చేతిలో ఉండేది. సుమారు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. అదే హంపీలోని కృష్ణాలయం. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి హంపీకి, హంపీ నుంచి చెన్నైకి ఇంత ప్రయాణం చేసిన రాతివిగ్రహం ఎక్కడిదో మనకెలా తెలిసింది? విగ్రహం నోరు విప్పి చెప్పలేదు. హంపీ ఆలయంలోని శాసనం చెప్పింది. ఆ రాత లేకపోతే అది “ఎక్కడిదో ఒక కృష్ణుడి విగ్రహం” అయ్యేది.

ఇంకొక ముచ్చట. నెల్లూరు జిల్లాలో రాళ్ళ మీద, రాగిరేకుల మీద ఉన్న శాసనాలను అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు సేకరించి 1905లో మూడు భాగాలుగా అచ్చువేశారు. అన్ని శాసనాలకు పేర్లెలా పెట్టాలి? వారు చేసిన పని చాలా సులువైనది. శాసనం ఏ తాలూకాలో ఉంటే ఆ తాలూకా పేరు, దాని పక్కన ఒక వరస సంఖ్య. “ఆత్మకూరు ఇన్నో నంబరు”, “ఉదయగిరి ఇన్నో నంబరు”, అంతే. నూరేళ్ళు దాటినా చరిత్రకారులు ఇప్పటికీ ఆ శాసనాలను ఆ పేర్లతోనే చెప్పుకుంటారు. ఒక మంచి పేరుకు రెండు లక్షణాలుండాలని దీనివల్ల తెలుస్తున్నది. చూడగానే కొంత అర్థం కావాలి. ఏ రెండింటికీ ఒకే పేరు ఉండకూడదు.

తేదీని తిరగేసి రాయండి

కెమెరాలు పెట్టే పేర్లు ఎలా ఉంటాయి? “ఐఎంజీ 0001”, “ఐఎంజీ 0002” అని. చాలా కెమెరాల్లో 9999 తర్వాత మళ్ళీ 0001 వస్తుంది. రెండు ఫైళ్ళకు ఒకే పేరు! ఒక చోట చేర్చబోతే ఒకదాన్ని మరొకటి తుడిచేసే ప్రమాదముంది.

సరే, మనమే తేదీతో పేరు పెడదాం. మనం రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. మూడు ఫోటోలకు అలా పేర్లు పెట్టామనుకోండి: 20-12-2022, 12-3-2023, 5-1-2024. వీటిని పేరు ప్రకారం వరసలో పెట్టమంటే కంప్యూటరు నిఘంటువులో మాటలను అమర్చినట్లు మొదటి అక్షరం నుంచి పోల్చుకుంటూ పోతుంది. ‘1’ ముందు, తర్వాత ‘2’, ఆ తర్వాత ‘5’. కనుక 2023 నాటిది మొదట, 2022 నాటిది రెండవది, 2024 నాటిది చివర వస్తాయి. అంతా తారుమారు!

ఇప్పుడు తేదీని తిరగేద్దాం. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. నెలకూ రోజుకూ తప్పకుండా రెండేసి అంకెలు. 2022-12-20, 2023-03-12, 2024-01-05. పేరు ప్రకారం పేర్చినా కాలం ప్రకారమే వస్తాయి. కారణం తేలికే. 345 అనే సంఖ్యలో వందలు ముందు, పదులు తర్వాత, ఒకట్లు చివర ఉంటాయి కదా? పెద్ద స్థానం ఎడమ వైపున ఉండటంవల్లనే సంఖ్యలను పోల్చటం సులువవుతుంది. తేదీకి కూడా అదే సూత్రం. 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తేదీని ఇలాగే రాయాలని నిర్ణయించింది.

తేదీ తర్వాత ఊరు, విషయం, వరస సంఖ్య చేర్చండి. “2024-01-14 ఉదయగిరి దుర్గం మసీదు 03”. పేరును తెలుగులోనే రాయవచ్చు. యూనికోడ్ వచ్చాక ఇప్పటి కంప్యూటర్లూ ఫోన్లూ తెలుగు పేర్లను చక్కగా చదువుతాయి.

నాలుగు వేల ఫోటోలకూ ఇలా పేర్లు పెట్టాలా అని భయపడకండి. ఏడాదికొక ఫోల్డరు, దానిలో ఒక్కొక్క సందర్భానికీ ఒక ఫోల్డరు చేసి, ఆ ఫోల్డరుకు ఇటువంటి పేరు పెడితే చాలు. లోపలి ఫోటోలను కదిలించనక్కరలేదు.

ఒక ఫోటో, అయిదు ప్రశ్నలు

ఇక్కడొక చిక్కు వస్తుంది. ఉదయగిరిలో కొయ్యచెంచాలకు పెద్ద పేరు. అత్తయ్య కొయ్యచెంచా చెక్కుతుండగా మీరొక ఫోటో తీశారు. దాన్ని “అత్తయ్య” ఫోల్డరులో పెట్టాలా, “ఉదయగిరి”లోనా, “చేతిపనులు”లోనా?

గ్రంథాలయాలకు ఈ చిక్కు ఎప్పటినుంచో ఉంది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు లెక్కల మాష్టారు. లండనులో ఒక దుకాణంలో మెకానో అనే ఆటబొమ్మను చూశాడు. అవే బద్దలు, అవే మరలు. వాటినే రకరకాలుగా బిగిస్తే ఒకసారి వంతెన, ఒకసారి బండి! పుస్తకాల విషయాలను కూడా ఇలా ముక్కలుగా విడదీసి కలపవచ్చునన్న ఆలోచన ఆయనకు వచ్చింది. 1933లో కోలన్ వర్గీకరణ అనే పద్ధతిని ప్రచురించాడు. దాని మూలసూత్రంగా ఆయన తేల్చిన ముఖాలు అయిదు. వాటిని మన భాషలో అయిదు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చు. అత్తయ్య ఫోటోను ఆ ప్రశ్నలు అడుగుదాం.

ఎవరు? అత్తయ్య.
ఏ వస్తువు? కొయ్య.
ఏం జరుగుతున్నది? చెంచా చెక్కటం.
ఎక్కడ? ఉదయగిరి.
ఎప్పుడు? 2024 జనవరి.

పుస్తకం ఒక బీరువాలోనే ఉండగలదు. కాని దాని గురించిన కార్డులు ఎన్నయినా ఉండవచ్చు. ఫోటో కూడా అంతే. ఫైలు ఒక్క చోటనే, తేదీ ఫోల్డరులో ఉండనివ్వండి. ఫోనులోనూ కంప్యూటరులోనూ ఆల్బమ్ అనీ, ట్యాగ్ అనీ ఉంటాయి. అవే మన కార్డులు. చాలా ఫోన్లలో ఒకే ఫోటోను మూడు ఆల్బమ్‌లలో చేర్చినా ఫైలు మూడు కాదు, ఒక్కటే. ఆల్బమ్‌లో ఉండేది “ఫలానా చోట ఉన్న ఫోటోను చూపించు” అనే గురుతు మాత్రమే. అయితే కొన్ని ఫోన్లలో ఆల్బమ్‌లో చేర్చటమంటే ఫైలును అక్కడికి తరలించటమో, ఇంకొక ప్రతి తీయటమో అవుతుంది. ఒక ఫోటోతో ముందు పరీక్షించి చూసుకోండి.

కలుపు తీయటం

పొలంలో కలుపు తీయకపోతే పైరు కనిపించదు. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, చెయ్యి కదిలి మసకబారినవి, ఒకే దృశ్యానికి పది కాపీలు, పని తీరిన రసీదుల ఫోటోలు, ఇవన్నీ కలుపే. వారానికి ఒక రోజు పదినిమిషాలు కేటాయించండి. పదింటిలో మంచివి రెండు ఉంచి మిగతావి తీసివేయండి. కాని ఒక నియమం. అవ్వ కళ్ళు మూసుకున్న ఫోటో అయినా, అవ్వది అదొక్కటే ఉంటే తీసివేయకూడదు.

మూడు ప్రతులు

ఇంత శ్రమపడి అమర్చిన ఫోటోలు ఫోనులో మాత్రమే ఉన్నాయి. సోమశిల జలాశయం చూడటానికి వెళ్ళినప్పుడు ఫోను నీళ్ళలో పడింది! ఏముంది ఇక?

చిన్న లెక్క వేద్దాం. ఒక ప్రతి ఏడాదిలో పాడయ్యే అవకాశం పదింటిలో ఒకటి అనుకుందాం. రెండు ప్రతులుంటే, రెండూ ఒకే ఏడాది పాడయ్యే అవకాశం 1/10 × 1/10, అంటే నూటికి ఒకటి. మూడు ప్రతులుంటే వెయ్యికి ఒకటి. ఒక్కొక్క ప్రతి పెరిగేకొద్దీ భద్రత పదింతలవుతుంది. కాని ఈ లెక్కకు ఒక షరతు ఉన్నది. ఒకదానికి వచ్చిన ఆపద రెండవదానికి రాకూడదు. ఒకే ఫోనులో, లోపల ఒకటి, మెమరీ కార్డులో ఒకటి దాస్తే నీళ్ళలో రెండూ కలిసే మునుగుతాయి. అవి పేరుకు రెండు, నిజానికి ఒకటే.

అందుకే పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారం చేసిన 3-2-1 సూత్రం ప్రసిద్ధికెక్కింది. ప్రతులు 3 ఉండాలి. అవి 2 రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో 1 వేరే ఊళ్ళో ఉండాలి. ఉదయగిరిలో ఉండేవారు ఫోనులో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్కులో ఒకటి ఉంచుకుని, ఆత్మకూరులో మేనమామ ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్ ఉంచవచ్చు. ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్ కూడా వేరే ఊరి కిందనే లెక్క. అయితే జాగ్రత్త! ఫోనూ క్లౌడూ ఒకదానికొకటి అద్దంలా పనిచేసేటట్లు అమర్చి ఉంటే, ఫోనులో చెరిపినది అక్కడా చెరిగిపోతుంది. అద్దంలోని బొమ్మ రెండవ ప్రతి కాదు.

ఏ ప్రతీ శాశ్వతం కాదు. పెన్‌డ్రైవ్‌లో మన ఫోటో అంటే చిన్న చిన్న అరలలో బంధించిన ఎలక్ట్రాన్లు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి మెల్లగా జారుకుంటాయి. తాళపత్రాలు శిథిలమయ్యేలోగా మన పూర్వులు కొత్త ఆకుల మీద తిరగరాసుకున్నారు. మనమూ మూడు నాలుగేళ్ళకు ఒకసారి కొత్త సాధనం మీదికి మార్చుకోవాలి. తాటాకు ప్రతిలో లేఖకుడి తప్పులు దొర్లేవి. అంకెల ప్రతిలో ఆ భయం చాలా తక్కువ. వందవ ప్రతి కూడా మొదటిదానిలాగే ఉంటుంది.

చేసి చూడండి

వచ్చే ఆదివారం ఇంట్లోని పాత ఫోటోలు ఒక ఇరవై బయటికి తీయండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పెట్టి, ఫ్లాష్ లేకుండా, ముందు వైపూ వెనక వైపూ ఫోనుతో తీయండి. తర్వాత అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని అయిదు ప్రశ్నలూ అడగండి.

ఎప్పుడు అంటే “ఏమో నాయనా, చాన్నాళ్ళయింది” అంటారు. అప్పుడు ప్రశ్న మార్చండి. “దివిసీమ తుఫానుకు ముందా, తర్వాతా?” అది 1977 నవంబరు 19. “పట్టపగలు గ్రహణం పట్టిందని అందరూ తలుపులు మూసుకున్నారే, అప్పటికి నాన్న పుట్టాడా?” అది 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం. భూగర్భ శాస్త్రజ్ఞులు రాతి పొరలను బట్టి శిలాజం వయసు కట్టేది ఇలాగే. తెలిసిన రెండు గుర్తుల మధ్య తెలియనిదాన్ని ఇరికిస్తారు. ఈ రెండింటికీ మధ్య అని తేలితే “1978 సుమారు” అని రాయండి. ఊహించినదాన్ని ఖచ్చితమైన తేదీలా రాయవద్దు.

ఒకే ఫోటోను ఇద్దరు పెద్దవారికి విడివిడిగా చూపించండి. జవాబులు కలిశాయా? కలవకపోతే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో కూడా రాయండి. శాస్త్రజ్ఞులు చేసే పని అదే.

ఇవి ఆలోచించండి

1. తేదీని 2024-1-5 అని, సున్నాలు లేకుండా రాస్తే అక్టోబరు ఫోటోలు ఫిబ్రవరి ఫోటోల కంటే ముందు వస్తాయా, తర్వాత వస్తాయా?
2. హార్డ్ డిస్కూ పెన్‌డ్రైవూ ఒకే బీరువాలో ఉంటే మీకు ఎన్ని ప్రతులున్నట్లు?
3. మీ ఫోనులో నిన్న తీసిన ఫోటోలో ఉన్నది ఎవరో, అరవై ఏళ్ళ తర్వాత చూసేవారికి ఎవరు చెబుతారు?

మొదటి రెండు ప్రశ్నలకు ఎప్పుడు జవాబు చెప్పినా ఫరవాలేదు. మూడవదానికి మాత్రం గడువు ఉంది. ఫోను పోతే కొత్తది కొనుక్కోవచ్చు. పెన్‌డ్రైవ్ పాడైతే ఇంకో ప్రతి తీసుకోవచ్చు. కాని ఆ ముఖాల పేర్లు తెలిసినవారు మన ఇళ్ళలో ఒకరో ఇద్దరో ఉంటారు. వారు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోవాలి.